జోడుపున్నమి వేళ అలకొర్ర చేలలో

మొదటి రోజు

ఏరు సముద్రంలో కలిసే చోట ఏడులంకలు ఉన్నాయని మా మెట్టసీమలో చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. పదకొండు రోజులు ఏటి గట్టు వెంట నడిచి, ఈ సాయంత్రం రేవులో పడవ ఎక్కి లెక్కపెట్టి చూస్తే ఆరు లంకలే కనిపించాయి. ఏడవది మంచు చాటున ఉండి ఉంటుందనుకుని సరంగును అడిగాను. అతడు గెడ వేయడం ఆపకుండానే, “ఉన్నవి ఆరేనమ్మా. పేరు మాత్రం మార్చుకోలేదు” అన్నాడు. అప్పటికి ఆ మాటను నేను అంతగా పట్టించుకోలేదు.

ఇంత దూరం రావడానికి కారణం చెప్పాలి. మా ఊరి విత్తనాల కొట్టు తాళాలు ఇరవై ఏళ్ళుగా నా దగ్గర ఉన్నాయి. మా తాతల కాలంలో చెరువుల కింద ఏడాదికి ఒక్క పంటే పండించేవారు. మా తండ్రుల కాలంలో ఏడాది పొడుగునా నీరు పెట్టడం మొదలైంది. పెట్టిన కొద్దీ నేల అడుగున ఉన్న నీటిమట్టం పైకి లేచింది. ఆ నీరు వేసవిలో మట్టి సందుల గుండా పైకి ఎక్కి, ఎండకు తాను ఆవిరైపోతూ, వెంట తెచ్చిన ఉప్పును మాత్రం నేల మీద వదిలిపెట్టింది. ఇప్పుడు మా పల్లపు మడులన్నీ చౌడు బారి, తెల్లవారి చూస్తే సున్నం చల్లినట్టు కనిపిస్తాయి. వరి నారు వేస్తే మూడు ఆకులు తొడిగి, కొసలు మాడి, నిలుచున్న చోటనే ఎండిపోతుంది.

ఉప్పునీటిలో నిలబడి పండే అలకొర్ర అనే గింజ లంకల్లో ఉందని విని మా పెద్దలు ఇదివరకు రెండు సార్లు మనుషులను పంపి విత్తనం తెప్పించారు. ఆ విత్తనాన్ని నేనే నాలుగు ఎండలు బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, గాదెలో భద్రం చేశాను. రెండు సార్లూ ఒక్క గింజ మొలవలేదు. లోపం విత్తనంలో ఉందా, నేలలో ఉందా, నా చేతుల్లో ఉందా అన్నది కళ్ళతో చూసి తెలుసుకోవడానికే ఈసారి నేనే బయలుదేరాను.

నాలుగవ లంకలో, బురదలో పాతిన దుంగల మీద కట్టిన ఇంట్లో, ఒక అవ్వ నాకు బస ఇచ్చింది. రాత్రి అలకొర్ర సంకటి పెట్టింది. రంగు బూడిదది, వాసన తడిసిన మట్టిది. నమిలిన కొద్దీ చివర్లో ఒక తీపి తగులుతుంది. ఉప్పు వేయలేదు, వేయవలసిన అవసరమూ కనిపించలేదు.

రెండవ రోజు

తెల్లవారుజామున ఆటు తీసి నీరు చేల నుంచి వెనక్కి వెళ్ళగానే, అవ్వ మనవరాలు నా పాదాల కింద వెడల్పాటి చెక్కపలకలు కట్టి బురదలోకి తీసుకువెళ్ళింది. పలకలు లేకపోతే మోకాలి దాకా దిగబడిపోతాము. “అత్తా, అడుగు ఎత్తి వేయకు, జరుపు” అని ఆ పిల్ల పదే పదే చెప్పవలసి వచ్చింది.

దూరం నుంచి అలకొర్ర చేను జమ్ము పొదలా ఉంటుంది. దగ్గరికి వెళ్ళి వంగి చూసినప్పుడు ఆకుల మీద మంచు బిందువులనుకున్నవి బిందువులు కావు; ఆవగింజలో సగమైనా లేని ఉప్పు పలుకులు, ఆకు ఈనెల వెంట వరుసగా పేర్చినట్టు ఉన్నాయి. వేలితో రాసి నాలుక మీద వేసుకున్నాను. వేరు చాలా మటుకు ఉప్పును బయటనే ఆపుతుంది. ఆపలేకపోయిన కాస్తను మొక్క ఆకు మీది సన్నని గ్రంథుల గుండా బయటకు నెట్టివేస్తుంది. తరువాతి పోటు వచ్చి దానిని కడుక్కుపోతుంది. రాత్రి కూరలోకి అవ్వ ఉప్పు డబ్బా ఎందుకు తీయలేదో అప్పుడు తెలిసింది. నాలుగు ఆకులు తుంచి కూరలో వేస్తే చాలు.

పిల్ల ఒక కాడను కోసి అడ్డంగా చూపించింది. లోపల తామరతూడులో ఉన్నట్టు నిలువు గొట్టాలు ఉన్నాయి. ఈ బురదలో గాలి ఆడదు. తవ్వితే నల్లగా ఉండి, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. అలాంటి చోట వేరు ఊపిరి పీల్చుకోవాలంటే ఆకు నుంచి గాలి కిందికి దిగవలసిందే, ఆ గొట్టాలు అందుకే. మా వరి కాడలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది కాని, దీని ముందు అది సూదిబెజ్జం.

అన్నిటికంటే ఎక్కువ సేపు నేను కంకి దగ్గర ఆగిపోయాను. కంకి మూరెడు పొడుగు ఉంటుంది. ఒక్కొక్క గింజకు జానెడు మీసం. ఆ మీసాన్ని కింది నుంచి పైకి నిమిరితే నున్నగా జారుతుంది, పై నుంచి కిందికి నిమిరితే రంపంలా పట్టుకుంటుంది. గింజ తొడిమను కలిసే చోట, పైవరుసల గింజలకు మాత్రం, వెంట్రుక మందాన ఒక నల్లని గీత పడి ఉంది. గీత పడిన గింజను వేలి కొసతో తాకితే చాలు, ఊడి అరచేతిలో పడింది. గీత పడని గింజను లాగితే తొడిమ చీరుకుని వచ్చింది కాని గింజ వదలలేదు. గింజ తల్లిని విడిచే చోటు ఆ గీతే. కంకి పై నుంచి కిందికి, రోజుకు కొన్ని వరుసల చొప్పున, ఆ గీత దిగుతూ వస్తుందట.

మూడవ రోజు

పగలంతా వాన. పడవలకు కీలు పూయడం, చాపలు అల్లడం చూస్తూ కూర్చున్నాను.

లంకల వాళ్ళ పంచాంగం రెండు చంద్రుల మీద నడుస్తుంది. పెద్దరేడుకు పున్నమి వచ్చినప్పుడు పోటు చేల మొదళ్ళను తడుపుతుంది. చిన్నరేడు పున్నమికి అంతకంటే తక్కువ. రెండు పున్నములూ ఒకే రాత్రి కలిసి వచ్చేది ఏడాదికి రెండు సార్లే, దానినే జోడుపున్నమి అంటారు. అప్పుడు రెండు లాగుళ్ళూ ఒక్కటై నీరు కంకుల దాకా లేస్తుంది. అలకొర్ర పండేది వానల తరువాత వచ్చే జోడుపున్నమికి. దీనిని దేవత మహిమగా చెప్పుకుంటారు. నాకు తోచిన దారి వేరు: ముందుగా రాలిన గింజ చిన్న పోట్లలో అక్కడే పడి పీతల పాలవుతుంది, జోడుపోటుకు రాలిన గింజ ఎత్తైన కొత్త బురద మీదికి చేరి మొలుస్తుంది, ఎన్నో తరాల పాటు సరైన వేళకు పండిన మొక్కకే పిల్లలు మిగిలి ఉంటాయి. అవ్వతో ఈ మాట అంటే, “అది కూడా మహిమే కదా తల్లీ” అంది. కాదనడానికి నాకు కారణం కనిపించలేదు.

నాలుగవ రోజు

లంకకు వెనుక వైపు, ఏటి నీటిని ఆపడానికి వేసిన పాత కరకట్టకు అవతల ఒక గుంట ఉంది. పోటు అక్కడికి రాదు. ఎప్పుడో పడవ నుంచి ఒలికిన గింజలు మొలిచి, ఆ గుంటలో ఇరవై ముప్పై అలకొర్ర మొక్కలు ఉన్నాయి. పొట్టివి, కంకులు మాత్రం నిండుగా ఉన్నాయి. అలకొర్రకు కావలసింది ఆటుపోట్లు కావు. తడిసిన మొదలు, ఉప్పును తట్టుకోలేక కలుపు బతకని చోటు. ఇది చూసినప్పుడు నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో మాటల్లో చెప్పలేను. మా చౌడు మడుల్లో అది బతుకుతుందనడానికి నాకు దొరికిన మొదటి ఆధారం ఆ గుంటే.

ఐదవ రోజు

ఈ రాత్రి మొదటి దులుపు. జోడుపున్నమికి ముందు రాత్రి ఒకటి, ఆ రాత్రి ఒకటి, మరుసటి రాత్రి ఒకటి, ఇలా ఒక చేనులోకి పడవ మూడు సార్లే పోవాలి. నాలుగవసారి పోయిన వాడి పడవను ఊరంతా కలిసి ఒడ్డుకు లాగి, మరుసటి ఏడాది దాకా నీటిలో దింపనివ్వరు. మూడు దులుపుల తరువాత కంకిలో మిగిలినదంతా సముద్రం పాలు.

పొద్దు గూకిన తరువాత పోటు మెల్లగా ఎక్కి, మా పడవ చేను మీదికి తేలింది. అవ్వ కొడుకు వెనుక నిలబడి గెడ వేస్తున్నాడు. అవ్వ మధ్యలో, పరిచిన చాప మీద, రెండు చేతుల్లో రెండు తేలిక కర్రలతో కూర్చుంది. గింజల మీసాలు కళ్ళల్లో, చర్మంలో గుచ్చుకుంటాయని అందరమూ ముఖాలకు, ముంజేతులకు గుడ్డలు చుట్టుకున్నాము. ఎడమచేతి కర్రతో అవ్వ ఒక గుప్పెడు కాడలను పడవ మీదికి వంచి, కుడిచేతి కర్రతో కంకుల వీపు మీద ఒకసారి తట్టి వదిలేస్తుంది. గీత పడిన గింజలు చాప మీదికి రాలుతాయి, పడనివి కంకిలోనే ఉండి, కాడతో పాటు లేచి నిలబడతాయి. వంచడం, తట్టడం, వదలడం. పడవ కదులుతూనే ఉంటుంది. ఆకాశంలో తూర్పున ఇద్దరు చంద్రులూ కాస్త ఎడంగా ఉన్నందువల్ల ప్రతి కంకికీ నీటి మీద రెండు నీడలు పడుతున్నాయి.

నన్ను అడిగి కర్రలు ఇచ్చింది. ఐదారు సార్లలోనే ఒక కాడ ఫట్టుమని విరిగింది. అవ్వ కోప్పడలేదు. “కొట్టకు తల్లీ, తట్టు. ఇయ్యాల రావలసింది ఇయ్యాల వస్తుంది, రేపటిది రేపు” అని కర్రలు తిరిగి తీసుకుంది.

పడవకు బయట పడిన గింజలను చూడడానికి నేను అంచు మీదికి వంగాను. గింజ బరువు కిందికి, మీసం పైకి ఉండి, ప్రతి గింజా విసిరిన ఈటెలా నిటారుగా మునిగిపోతోంది. మరుసటి రోజు ఆటులో వెతికి చూస్తే అవి బురదలో తలకిందులుగా దిగబడి, మీసాల కొసలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. ఆ మీసం తడికి ఒక వైపు, ఆరినప్పుడు మరో వైపు మెలితిరుగుతూ, రంపపు పళ్ళ వల్ల వెనక్కి రాలేక, గింజను ఇంకా లోతుకు తోస్తుంది. నాగలి దిగని నేల ఇది. ఎద్దును దింపితే తోక కూడా మిగలదు. ఈ చేలను దున్నేది, విత్తేది, పూడ్చేది అంతా ఆ మీసమే.

మొదటి రాత్రి నాలుగు కుంచాల గింజ వచ్చింది.

ఏడవ రోజు

రెండవ దులుపుకు ఏడు కుంచాలు. పగలు గింజ వేపే పని. మట్టి మూకుడులో ఇసుక కాచి, అందులో గింజను పోసి తిప్పుతారు. మీసాలు కాలిపోతాయి, పొట్టు పెళుసవుతుంది. తరువాత రోట్లో దంచి, చేటతో చెరుగుతారు.

వేపకుండా ఒక పక్కన పెట్టిన గంపను చూపించి, అది విత్తనానికా అని అడిగాను. అవ్వ నన్ను ఇంటి అడుగుకు, దుంగల మధ్యకు తీసుకువెళ్ళింది. అక్కడ మెడ దాకా పూడ్చిన కుండల్లో, ఉప్పుబురదలో కలిపి, విత్తనం ఉంది. పోటుకు గండి పడిన చోట చల్లడానికి ప్రతి ఇంట్లోనూ ఇలా కొంత దాచుకుంటారు. ఉప్పు ఉన్నంత సేపు గింజ నిద్రపోతుంది. వానలకు ఏటి నీరు ఎక్కువై ఉప్పు పలచబడినప్పుడు లేస్తుంది.

మేము ఎండబెట్టామని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. “ఎండితే చస్తుంది తల్లీ. చేపను ఎండేసి మళ్ళీ ఈదమంటే ఈదుతుందా?” అంది.

విత్తనం బాగా ఎండాలి అన్నది మా కొట్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం, నేర్పిన మొదటి పాఠం. వరికి, జొన్నకు, కందికి అది ప్రాణం పోసే పని. అదే పనితో రెండు విడతల అలకొర్రను, ప్రతి గింజా బతికి ఉండగానే, నా చేతులతో నేనే చంపాను. ఆ రాత్రి మూడవ దులుపుకు నేను పడవ ఎక్కలేదు.

ఏడవ రోజు

తెల్లవారి ఆటులో ఊరి ఆడవాళ్ళంతా పలకలు కట్టుకుని చేలోకి దిగారు. సముద్రం పాలు కూడా రాత్రి పోటుకు రాలిపోయింది. ఖాళీ అయిన కంకులు తేలికై నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి నడుమ అక్కడొకటి, ఇక్కడొకటి, కంకి నిండుగా ఉండి బరువుకు ఇంకా వంగి ఉన్న మొక్కలు కనిపించాయి. ఆడవాళ్ళు వాటినే వెతికి, వేళ్ళతో సహా పెరికి గంపల్లో వేస్తున్నారు. వాటిని పిసినారి కంకులు అంటారు. ఒకదానిని తీసుకుని గింజ మొదట్లో చూశాను. గింజ గట్టిపడింది, రంగు తిరిగింది, పూర్తిగా పండింది. నల్లని గీత మాత్రం లేదు. కర్రతో తట్టినా రాలదు, చేత్తో దూయవలసిందే.

గంపలను పొయ్యిలోకి పంపబోతుంటే నేను అడ్డు నిలబడ్డాను. బహుశా అతిథి చేయకూడని పని అది. కాని విత్తనాల కొట్లో ఇరవై ఏళ్ళు పనిచేసిన ఎవరైనా అడ్డు నిలబడతారు. మా వరి, మా జొన్న, మా కొర్ర అన్నీ ఒకప్పుడు గింజ రాల్చుకున్న గడ్డులే. ఎప్పుడో ఎవరో రాలని కంకిని ఏరి దాచి విత్తినందువల్లనే అవి కొడవలికి లొంగాయి, కళ్ళానికి చేరాయి. మేము చేత్తో విత్తుతాము, కోసి మోసుకుపోతాము. మాకు గింజ కంకిలో ఆగాలి. లంకల్లో విత్తే చెయ్యి లేదు. వాళ్ళకు గింజ కంకిని విడవాలి. వాళ్ళు కాల్చివేస్తున్న ఆ మొక్కే మా మడులకు కావలసిన మొక్క.

ఇదంతా చెప్పాను. అవ్వ విని, సముద్రం వైపు చెయ్యి చూపించి ఏడవ లంక సంగతి చెప్పింది. అక్కడి వాళ్ళు మూడు రాత్రుల పని ఒక్క పూటలో అవుతుందని కొడవళ్ళు పట్టారు. కొడవలి రాలిన గింజను ఎలాగూ ఎత్తదు, రాలని కంకినే ఇంటికి తెస్తుంది. దాచిన విత్తనంలో ఏటేటా పిసినారి పాలు పెరిగింది. విత్తనం చల్లిన చోట మొలిచింది, చల్లని చోట బురద బోసిపోయింది. చుట్టూ ఉన్న బురదను పట్టి ఉంచింది ఆ వేళ్ళే గనుక, బోసిపోయిన అంచులను ప్రతి జోడుపోటూ కొంచెం కొంచెంగా కొరుక్కుపోయింది. మనుషులు మిగతా లంకలకు చేరుకున్నారు. లంక మిగలలేదు.

సరంగు చెప్పిన మాట అప్పుడు గుర్తుకు వచ్చింది. గంపలు ఆ పూటకు పొయ్యి దగ్గరే ఆగాయి. కాల్చలేదు, నాకు ఇవ్వనూ లేదు.

తొమ్మిదవ రోజు

పొద్దున్నే అవ్వ ఒక్కటే అడిగింది: “మీ నీళ్ళు ఎటు పోతాయి?”

రాత్రంతా నేను ఆలోచించింది కూడా అదే. మా చెరువులన్నీ గొలుసు చెరువులు. ఒకటి నిండితే అలుగు పారి కింది దానిలోకి, చివరి దాని అలుగు ఏటిలోకి. ఆ ఏరు చివరికి వచ్చేది ఇక్కడికే. మా మడిలో కొట్టుకుపోయిన ఒక్క పిసినారి గింజ పదకొండు రోజుల నడక దూరాన్ని నీటిలో తేలికగా దాటి, ఈ చేలలో మొలవవచ్చు. దాని పుప్పొడి గాలికి లేచి పక్క కంకులను చేరవచ్చు. నేను ఎంత జాగ్రత్తగా ఉంటానని మాట ఇచ్చినా, వరద నా మాట వినదు.

అయితే మా ఊరికి ఉత్తరాన అలుగు లేని కుంట ఒకటి ఉంది. చుట్టూ మెరకగా ఉన్నందువల్ల అందులోకి నీరు చేరడమే కాని బయటకు పోవడం లేదు. ఎంత వాన వచ్చినా అది పొర్లడం మా పెద్దవాళ్ళెవరూ చూడలేదు. నీరు పోయే దారి లేని చోట ఉప్పూ పోదు గనుక, మా ఊళ్ళో అన్నిటికంటే ముందు చౌడు బారింది ఆ కుంట గర్భమే. ఎవరికీ అక్కరలేని ఆ నేలలో తప్ప వేరే చోట విత్తనని, నేను ఉండగా ఒక్క గింజ ఆ కుంట గట్టు దాటదని అవ్వకు చెప్పాను. ఆమె మా ఊరి మెరకలు, పల్లాలు ఒకటికి రెండు సార్లు అడిగి, బూడిదలో వేలితో గీయించుకుని, అప్పుడు గాని తల ఊపలేదు.

గింజ దూసి లెక్కపెడితే రెండు వందల పన్నెండు వచ్చాయి. నా మూటలోని గవ్వలు ముందు పెడితే, చావవలసిన దానికి వెల కట్టకూడదని వెనక్కి నెట్టింది. కుండకు మాత్రం ఆరు గవ్వలు తీసుకుంది. మంచి కుండ, అంత విలువ చేస్తుంది. కుండ నిండా ఉప్పుబురద, దానిలో గింజ, మూతికి తడిగుడ్డ. దారిలో గుడ్డ ఆరితే ఏటి నీరు చల్లవద్దని, తాగే నీరు తగిలితే నిద్ర లేస్తుందని, ఉప్పునీటి బుర్ర ఒకటి వేరుగా కట్టి ఇచ్చింది.

ఇరవయ్యవ రోజు

ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. దారిలో తొమ్మిదవ నాటి రాత్రి సత్రం పైకప్పు కారి, వాన చుక్కలు గుడ్డ మీద పడ్డాయి. వెంటనే ఉప్పునీరు పోశాను కాని, పై పొరలో ఉన్న పదిహేడు గింజలు అప్పటికే నిద్ర లేచినట్టున్నాయి. ఈ రోజు చూస్తే తెల్లని మొలకలు వచ్చాయి. వాటిని వేరే మూకుడులో పలచని ఉప్పుబురద వేసి నాటాను. అవి బతుకుతాయో లేదో కాని, గింజకు ప్రాణం ఉందన్న సంగతి మా ఊరి వాళ్ళంతా వచ్చి కళ్ళారా చూశారు. నాలుగు ఎండలు ఎండబెట్టిన ఆ పాత గాదె వైపు నేను చూడలేకపోయాను.

ఇంటికి పోకముందే ఉత్తరపు కుంటకు వెళ్ళి, గర్భంలో ఇంకా చెమ్మ ఉన్న చోట మోచెయ్యి లోతు తవ్వి, మెడ దాకా కుండను పూడ్చాను. పైన తుమ్మకంపతో నీడ కట్టి, నాలుగు మూలలా కర్రలు పాతాను. కుంట గట్టు మూడు వైపులా గట్టిగానే ఉంది. తూర్పు వైపు పశువులు దిగే చోట జానెడు లోతు ఒరిగిపోయి కనిపించింది. తొలివానకు ముందే అక్కడ మట్టి వేయించాలి.